మర్ఫీని అమ్మేసిన సోమవారం

పిల్లలూ, మీ తాతయ్య కుంటుతూ నడిచేవాడు కదా, ఎందుకో ఎవరు చెప్తారు? చెయ్యెత్తండి. ఊనా, నువ్వు చెప్పు. "యుద్ధంలో ఫిరంగి గుండు తగిలింది!" సరే, తప్పో ఒప్పో చివర్లో దిద్దుకుందాం.

మీ తాతయ్య, అంటే కెప్టెన్ ఆంబ్రోస్ క్యూసాక్, డబ్లిన్‌లో షేర్ల దళారీ. యుద్ధం రాగానే సైన్యంలో అధికారి అయ్యాడు. అది ముగిసిన ఏడాది, నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. నేను బడిపంతులమ్మను. ఔనో కాదో ఆ ఆదివారం టీ వేళకు చెప్పాలి. నా మాట వినకముందే మమ్మల్ని మెప్పిద్దామని కాబోలు, మా విన్నీ అత్తయ్య వరండాలో కప్పు పట్టుకుని ఆయన మొదలుపెట్టాడు.

"పెద్ద విశేషమేం కాదు లెండి. ఆగస్టు మొదటి సోమవారం, ఫ్రాన్సులో, కందకంలో తెగిపోయిన టెలిఫోను తీగ ముడేశాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది నేరుగా డబ్లిన్ షేర్ల బజారుకే కలిసింది! అక్కడ గుమాస్తా ఒక్కో షేరు పేరూ వరసగా చదువుతుంటే మేం కూర్చున్నచోటే కొంటాం, అమ్ముతాం కదా. ఇక్కడేమో నా పక్కనే సార్జెంటు సిపాయిల హాజరు పిలుస్తున్నాడు. ఈ చెవిలో షేర్లు, ఆ చెవిలో సిపాయిలు. ఆ గందరగోళంలో సిపాయి మర్ఫీని అమ్మేశాను, రైలు కంపెనీకి సెలవిచ్చేశాను!"

"ఆగండాగండి," అంది అత్తయ్య. "మర్ఫీని ఎవరు కొన్నారు?"

"అదే చెప్తున్నా, జర్మన్లు! వాళ్లూ ఆ తీగమీదే వింటున్నారు మరి. వాళ్ల జనరలే అందుకుని, 'అయ్యా, ఇప్పుడేం అమ్మమంటారు?' అన్నాడు. 'ఇనపటోపీలు' అన్నా. పటాలం పటాలమంతా టోపీలు అమ్మేసుకుని బోడితలలతో ఇంటిదారి పట్టింది. పోతూపోతూ ఒకడు ఫిరంగి పేల్చాడు. గుండొచ్చి నా మోకాలికి తగిలి ముక్కలైపోయింది!"

"మోకాలా?"

"గుండండీ!"

అత్తయ్య తల పట్టుకుంది. "అయితే ఆ రోజు హాజరులో ఉన్నది రైలు కంపెనీయా?"

నేను కప్పు కింద పెట్టాను. "కెప్టెన్ గారూ, ఆగస్టు మొదటి సోమవారం ఐర్లండంతా సెలవు కదా. షేర్ల బజారుకు తాళం. ఆ రోజు నేను బడిపిల్లల్ని బ్రే సముద్రపొడ్డుకు తీసుకెళ్లాను. అక్కడ అద్దెగాడిద మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్న ఒక అధికారిని లేవదీశాను. పాపం, కళ్లనిండా ఇసక, ఆయన నన్ను చూడలేదు."

ఆయన అత్తయ్యను చూశాడు, నన్ను చూశాడు, లేచి తన టోపీ అనుకుని అత్తయ్య టోపీ తీసుకున్నాడు. మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"చాలా ఎత్తైన గాడిదండీ."

ఆ మాటకే ఔనన్నాను.

ఊనా, నీ జవాబు దిద్దుకోమ్మా. గుండు కాదు, గాడిద.

"అయితే తాతయ్య యుద్ధానికి వెళ్లనే లేదా, నానమ్మా?"

వెళ్లాడు నాన్నా. గాడిదెక్కింది సెలవు మీద వచ్చినప్పుడు. కాలు అతుక్కోగానే మళ్లీ వెళ్లి చివరిదాకా అక్కడే ఉన్నాడు. అక్కడ నిజంగా ఏం జరిగిందని ఎప్పుడడిగినా, మర్ఫీని అమ్మిన కథే మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు.

ఇక లేవనివ్వండి. జామ్‌కని ఆపిల్స్ తరుగుతూ సగంలో వదిలేసి వచ్చాను, నల్లబడిపోతాయి.