గురవమ్మ చూసిన గుమ్మడిగింజ

గురవమ్మా? ఆ పేరు నీకెవురు చెప్పినారే? చంద్రకాంతమ్మ మనవరాలా? నా కూర తిని మీ తాత కడుపులో పురుగులు పడినాయనా? చెప్తాది, చెప్పదా మరి! నువ్వు తోటకూర కడుగుతా ఉండు, చెయ్యి ఆపొద్దు. గురవమ్మంటే మన కాళహస్తి ఆస్పత్రిలో ఆయా. పొయ్యి ముప్పై ఏండ్లాయ. నా మాదిరే వేలిముద్ర మనిషి. అయినా పురుగును కంటితో చూసి పేరు చెప్పేసేది. 'గుండ్రంగా, జానెడు పొడుగు, రెండు కొనలూ సన్నంగా ఉంటే ఏలికపాము. తెల్లదారం తునకలైతే నులిపురుగు. కొంకిపురుగు కంటికి యాడ ఆనతాది? నెత్తురు తాగేస్తాది, బిడ్డ రెప్ప తిప్పి చూడు, సున్నం కొట్టినట్టుంటాది' అనేది. ఏం చెప్తా ఉంటిని? ఆ నీళ్లు పారబొయ్యి, వేరేవి పట్టు. అడుగున ఇసక కనపడతా ఉండాది, నాకు కండ్లు లేవనుకున్యావా?

ఎమర్జెన్సీ పోయిన ఏడు. మీ తాత ఇద్దరి కూడు తింటాడు, మనిషి చూస్తే కట్టెపుల్ల. ఒగనాడు పొద్దున దొడ్లోనించి వచ్చి, 'ఏమే, ఏందో పడిందే' అన్న్యాడు. దొన్నెలో ఎత్తుకొని, పైన ఆకు మూసి, గురవమ్మ దగ్గరికి పోతిని. ఆకుకూర ఏడు నీళ్లు కడిగేది ఈ ఊర్లో నేనొక్కతినే, నా వంటింట్లోనించి పురుగా? అదీ నా కడుపుమంట. 'ఏలికపాము కాదని చెప్పు గురవమ్మా' అంటిని. పుల్లతో తిప్పి చూసింది. తెల్లగా, చదునుగా, గుమ్మడిగింజ మాదిరి, కదలతా ఉండాది. 'కాదమ్మా, బద్దెపురుగు. లోపల మంచం నవారు మాదిరి బారలు బారలుంటాది, ఇట్ల కణుపు కణుపు తెగి పడతాది. నీ ఆకుకూరలో వచ్చేది కాదు' అని, నా మొగం చూసి, మెల్లిగా, 'సరిగ్గా ఉడకని పందికూరలో వస్తాది' అనింది.

మాది కోడిగుడ్డు పెంకు గూడా గడప దాటని ఇల్లు. మీ తాత వారం వారం సత్యవేడుకు చెనక్కాయల బేరమని పొయ్యేది ఇందుకా! నా వంటిల్లు గెలిచె, ఇంటి మర్యాద పాయె. ఇంటికొస్తే వాకిట్లో ఆడబిడ్డ, అదే ఆ చంద్రకాంతమ్మ, కాచుకోనుండాది. 'ఏం పురుగంట వదినా?' తలుపెనకాల మీ తాత చెవి ఆనించుకోనుండాడు. నేనేమంటిని? 'ఏలికపాములంట. నేనే కూర సరిగ్గా కడగలేదంట.' నా నోటితోనే!

ఆ పొద్దునించి ఏ పెండ్లికి పోయినా, 'మా వదిన్ని కూరల కాడికి పంపొద్దండీ' అని నవ్వేది. పొయ్యింది గదా, అయినా మరవను. అంతటితో ఊరుకునిందా, ఆస్పత్రికి పొయ్యి, 'నిజంగా ఏలికపామేనా' అని గురవమ్మను గూడా గుచ్చి గుచ్చి అడిగినాది. గురవమ్మ, 'ఏలికపామే తల్లీ, నా కండ్లతో చూసినా' అనిందంట. పురుగు పేరు ఒగనాడూ తప్పు చెప్పని మనిషి! నా కోసరం చెప్పింది... మీ తాతా? ఆ పొద్దునించి పొయ్యేదాకా కూరలో ఉప్పు తక్కువని అనలే.

ఎన్ని నీళ్లాయ? ఆరేనా? ఇంకొకటి పొయ్యి.