నల్లకారుకు బొట్టు

కె.ఆర్.పురం దాటినాక పాత మద్రాసు రోడ్డు. మిట్టెండ. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద మజ్జిగ అమ్మే తల్లీ కూతురూ. వాళ్ళకెదురుగా ఆగిపోయిన నల్లకారు. అందులో ఒక్కడే మనిషి.

"ఇంక తాళం తిప్పొద్దయ్యా. తిప్పేకొద్దీ బ్యాటరీ చస్తాది."

"నువ్వు మజ్జిగ అమ్ముకోమ్మా. కారు సంగతి నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదే. మునిలక్ష్మీ, అయ్యకి ఒక గ్లాసు పొయ్యి. చెమట్లు కారతా ఉండాయి, ఉప్పు కొంచెం ఎక్కువెయ్యి."

"మజ్జిగా వద్దు, ఏమీ వద్దు. దగ్గర్లో మెకానిక్ యాడుండాడు చెప్పు."

"వెనక్కి పోవాల. స్టేషను కాడ. ఈ పొద్దు అంగడి తీసినాడో లేదో."

"వెనక్కి పోతే అయిపోయె నా పని! కోలార్లో మావాడి లగ్నపత్రిక. రాహుకాలం రాకముందే తాంబూలాలు మార్చుకోవాల. ఆడపిల్లోళ్ళు వాకిట్లో కాచుకోని ఉంటారు."

"ఒక్కరే పోతా ఉండారే? ఇంట్లోవాళ్ళు?"

"అందరూ బస్సులో పోయినారు. ఈ కారును నమ్మి నా పెండ్లాం కూడా ఎక్కదు."

"ఎట్లా నిలిచిపోయింది? టప్పుమని ఒకేసారినా, దగ్గి దగ్గి నిలిచిందా?"

"దగ్గి దగ్గి. ఆకలైన గొడ్డు మాదిరి రెండు సార్లు లాగి నిలిచిపోయింది. నీకెందుకు అవన్నీ?"

"కొంచేపు ఊరకే పెడితే మళ్ళా స్టార్ట్ అవుతాదా?"

"అవుతాది. అదే కదా పీడ. మెకానిక్ వచ్చేసరికి ఏ రోగమూ లేనట్టు నడుస్తాది. ఆయన అట్లా పోతానే మళ్ళా నిలుస్తాది."

"ముందు ఎంతదూరం పోయేది?"

"మొదట్లో హొసకోట దాకా సుమ్నే, యాడా నిలవకుండా పోయేది. ఇప్పుడు మైలు పోతే గొప్ప. కాయిల్ మార్చినాను. పాయింట్లు మార్చినాను. పంపు కొత్తది వేయించినాను. కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడిగినారు. ఒక మెకానిక్ అయితే దిష్టి తీయించమన్నాడు."

"తీయించినారా?"

"తీయించినా. గుమ్మడికాయ కొట్టించినా. అది కూడా వేస్టే."

"పూజ చేస్తారా కారుకి?"

"ఏమడుగుతా ఉండావు! శుక్రవారం తప్పితే ఒట్టు. ఈ పొద్దు ఆదివారమైనా, శుభకార్యమని తెల్లారకముందే చేసినా. గంధంలో కుంకుమ కలిపి నా చేతులారా బొట్లు పెడతాను. డ్రైవర్లను ముట్టనివ్వను. పెట్రోలు పోసే మూతకు మొదటి బొట్టు, ఆ మీదనే చక్రాలకు. మూత అంటే అన్నం తినే నోరు కదా. ఏమి, ఈ పిల్ల అట్లా చూస్తాది?"

"ఏం లేదులే అయ్యా. లక్ష్మీ, నువ్వు కుండ మీద గుడ్డ కప్పు పో."

"అది సరే, కాయిలూ కార్బొరేటరూ అంటే వెంటనే అర్థం చేసుకుంటా ఉండావే. ఎవరు నేర్పినారు నీకు?"

"మా ఇంటాయన డ్రైవరు."

"ఓ! ముందే చెప్పేది కదా. యాడుండాడు? బేగ పోయి, తొందరగా పిలుచుకోని రా."

"స్టేషను గూడ్స్ షెడ్డులో మూటలు మోస్తా ఉండాడు."

"డ్రైవరంటివే. డ్రైవరు మూటలు మోసేదేంది?"

"లైసెన్సు లేదు. తీసి పెట్టుకున్నోళ్ళు తిరిగియ్యలేదు."

"ఏదో చేసుంటాడులే. ఊరికే ఎవరైనా పెట్టుకుంటారా? డ్రైవర్ల జాతే అంత. నా దగ్గర కూడా ఒకడుండె. కారు ఇట్లానే నిలిచేది. 'పెట్రోలు అందడం లేదయ్యా, ఎందుకో తెలీదయ్యా' అంటాడు. పోసిన పెట్రోలు అందకుండా యాడికి పోతాది? తీసి అమ్ముకునేటోడు, ఇంకేంది."

"తీస్తా ఉంటే చూసినారా?"

"చూడాల్నా? వాడి తరువాత నలుగురిని పెట్టుకుంటిని. నలుగురూ దొంగలే."

"నలుగురూనా?"

"నలుగురూ! ఇప్పుడు నేనే తోలుకుంటా ఉండాను."

"ఇప్పుడు కూడా నిలుస్తా ఉండాది కదా అయ్యా. ఇప్పుడెవరు తీస్తా ఉండారు?"

"నీకు నోరు ఎక్కువ. కానీ ఆ మొదటోడికి మాత్రం బాగా బుద్ధి చెప్తిని. ఆయుధపూజ దినం. అంగడి వీధంతా చూస్తా ఉండగా, ఖాళీ పెట్రోలు డబ్బా నెత్తిన పెట్టించి ఆ కొస నుంచి ఈ కొసకు నడిపిస్తిని. బొరుగుల కోసం వచ్చిన పిల్లోళ్ళంతా వెనకాల పడి కేకలు. ఆ నగువు చూడాల నువ్వు!"

"లక్ష్మీ."

"ఏమైంది ఈ పిల్లకి?"

"లక్ష్మీ, ఆ చెంబు కింద పెట్టు. పెట్టు అంటే... ఊఁ. ఇట్లా నా పక్కకు రా."

"చెంబు విసిరేట్టు ఉండాదే! ఎవరి మీద?"

"ఆ పొద్దు బొరుగుల కోసం వచ్చిన పిల్లోళ్ళలో ఇదీ ఒకటి. ఒళ్ళో బొరుగులు పోయించుకోని నిలబడుండె. వాళ్ళ నాయన దీని ముందరే నడిచిపోయె."

"అంటే... నువ్వు..."

"రత్నమ్మను. చిన్నప్ప పెండ్లాన్ని. కారు కనపడినప్పుడే గుర్తుపట్టినాను వెంకటగిరియప్పా. నువ్వు చెప్తావని చూస్తా ఉంటిని."

"చూడు, నాకు ఇప్పుడు ఈ పాత పంచాయతీ వద్దు. నేను పోవాల."

"పో. ఎవరు పట్టుకున్నారు?"

"పోతాను. ఇదిగో, తిప్పుతా ఉండాను."

"తిప్పొద్దంటిని కదా. చూడు, గొంతే మారిపోయె దానికి."

"అదే స్టార్ట్ అవుతాదిలే. కొంచేపు పెడితే."

"అవుతాది. మైలు పోయి మళ్ళా నిలుస్తాది. కోలారు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతాది. రాహుకాలం వచ్చి పోయుంటాది, తాంబూలాలు కూడా ఎండిపోయుంటాయి."

"నీకు తెలుసా ఏమైందో?"

"తెలుసు."

"చిన్నప్ప చెప్పినాడా?"

"ఇంట్లో పడి ఏడ్చుకుంటా, ఆలోచించి ఆలోచించి కనుక్కున్నాడు. నీకు చెప్పాలని నీ గేటు కాడికి వచ్చె. కుక్కను వదిలితివి."

"దొంగ మళ్ళా వస్తే కుక్కను వదలక..."

"ఆ మాట మళ్ళా అంటే ఈ ఎండలోనే కూర్చో. మా మజ్జిగ కూడా లేదు నీకు."

"సరే సరే. ఏం కావాల నీకు? చెప్పు, బేగ."

"మా ఆయన లైసెన్సు."

"అది యాడుండాదో ఏమో..."

"నీ కార్లో ముందర పెట్టెలో ఉండాది. కొత్త డ్రైవరు వచ్చినప్పుడంతా తీసి చూపిచ్చి 'దొంగతనం చేస్తే నీది కూడా దీని పక్కనే' అంటావంట కదా. ఆ నలుగుర్లో ఒకడు మా షెడ్డుకే వచ్చినాడు మూటలకు."

"ఇస్తే బాగు చేస్తావా?"

"చేస్తాను. కారు స్టార్ట్ చేసి ఇస్తాను, దోవలో నిలవకుండా. కారణం మాత్రం చెప్పను. కారణం ఆ పొద్దు నీ గేటు కాడికి నడుచుకోని వచ్చె. నువ్వు వద్దంటివి."

"ఏం పొగరు నీకు! ఇదిగో. తీసుకో. ఇదే కదా?"

"లక్ష్మీ, నువ్వు చదువు. నాకు అక్షరాలు రావు."

"నాయన పేరే అమ్మా. ఫోటో కూడా నాయనదే. అంతా కుంకుమ అంటుకోని ఉండాది."

"కుంకుమ భరిణె కూడా ఆ పెట్టెలోనే ఉండాది కదా, అంటుకోదా మరి. ఊఁ, ఇస్తిని కదా, ఇంక కానీండి."

"అయ్యా."

"ఓ, ఈ పిల్లకు మాటలు వస్తాయే! ఏమి?"

"ఒక్క మాట చెప్పండయ్యా. మా నాయన దొంగ కాదని."

"ఇప్పుడా? ఇక్కడా? ఎవరుండారు వినేదానికి?"

"నేనుండాను కదయ్యా."

"చూడు పాపా. లైసెన్సు అడిగిరి, ఇస్తిని. దాంతో సరి. దొంగను దొంగనే అంటాను. పోయి కోలార్లో కూడా అంటాను, మా వియ్యంకుడికి చెప్పి నగిస్తాను, చిన్నప్ప పెండ్లాం మజ్జిగ కుండ పెట్టుకోని నన్ను బెదిరించిందని."

"ఉండనీలే లక్ష్మీ. లైసెన్సు జాకెట్లో పెట్టుకో. నువ్వు సీట్లో కూర్చోవయ్యా. నేను చెప్పేదాకా తిప్పొద్దు. బానెట్ ఎత్తుతాను. లక్ష్మీ, ఆ తడిగుడ్డ ఇటియ్యి. నువ్వు వెనక్కి పోయి పెట్రోలు ఉండాదో లేదో మూత తీసి చూడు."

"పెట్రోలు నిండుగా ఉండాది. తెల్లారతానే పోయించినా."

"చూడనీ. పిల్ల కూడా నేర్చుకోవాల కదా."

"ఏంది ఆ శబ్దం? బుస్సుమనె!"

"పాము కాదులే. నువ్వు ముందుకు చూడు... లక్ష్మీ, ఇట్లా రా. మెల్లగా చెప్పు. మూతకు నాయన చెప్పిన గాలి చిల్లి కనపడిందా?"

"కనపడలేదమ్మా. వారం వారం పెట్టిన బొట్లు ఒకదాని మీద ఒకటి ఎండిపోయి గచ్చు మాదిరి ఉండాయి. మూత తీస్తానే గాలి లోపలికి లాక్కునె."

"అంతే. గాలి లోపలికి పోనిస్తేనే పెట్రోలు ముందుకొస్తాది. చిల్లి మూస్తే ట్యాంకు ఊపిరి బిగబట్టుకుంటాది. పిన్నీసుండాదా?"

"ఉండాది. గోకి, చిల్లిలో పొడిచినా. ఇప్పుడు వెలుతురు కనపడతా ఉండాది."

"ఏం గుసగుసలు అక్కడ?"

"అయిపోయిందయ్యా! పంపు మీద తడిగుడ్డ వేసినా. ఇప్పుడు తిప్పు."

"తిప్పినా. రాలేదు."

"ఇంకోసారి."

"వచ్చె! వచ్చె! అబ్బ, ఏమి పాటగా ఉండాది చూడు! తడిగుడ్డనా? ఇంతేనా? ఇంత చిన్నదానికా ఇంత బెదిరింపు?"

"తడిగుడ్డే అనుకో."

"లైసెన్సు ఊరికే సుమ్నే ఇచ్చేస్తిని కదా! సరే పో. మంచి పని మీద పోతా ఉండాను. పాపా, ఇట్లా రా. ఇదిగో, వెండి భరిణె, జాగ్రత్త. కన్నెపిల్ల చేయి శుభం. ఆగిపోయిన కారు కదలేటప్పుడు బొట్టు పెట్టకుండా పోకూడదు. తడిపి పెట్టు, పొడిది ఊరికే రాలిపోతాది."

"ఎక్కడ పెట్టాలయ్యా?"

"చెప్తిని కదా. మొదట మూతకు. ఆ మీద చక్రాలకు. బేగ, బేగ!"

"అమ్మా, కొంచెం మజ్జిగ పొయ్యి."

"నీళ్ళుండాయి కదా."

"మజ్జిగే కావాల."

"ఇదిగో, పట్టు."

"అయిందా పాపా?"

"అయిందయ్యా. భరిణె పెట్టెలో పెట్టేస్తా ఉండాను."

"బాగా పెట్టినావా?"

"బాగా పెట్టినాను."

"మంచి పిల్ల. మీ నాయన బుద్ధి రాలేదు నీకు."

"పోయిరాండయ్యా."

"పోయె. దుమ్ము చూడు, ఎట్లా లేపుకోని పోతా ఉండాడో. లోపలికి రా లక్ష్మీ, ఎండ."

"నాయన ఫోటోలో నగుతా ఉండాడమ్మా."

"కొత్తలో తీయించిన ఫోటో కదా. పొద్దు మునిగినాక వస్తాడు, నువ్వే చేతికియ్యి. ఏం మాట్లాడొద్దు, ఊరికే ఇయ్యి. ఏమే, మోచేతుల దాకా అంత ఎరుపు?"

"బొట్టు పెట్టినా కదా."

"కారు పోతా ఉంటే చూసినా. చక్రాలకు కొత్త బొట్లే లేవే?"

"చక్రాలకు పెట్టలేదు."

"మరి యాడ పెడితివి?"

"అన్నం తినే నోటికి."

"లక్ష్మీ! ఇప్పుడే కదే ఆ చిల్లి తెరిస్తివి!"

"తెరిచినా. లైసెన్సు ఇచ్చినాడు కదా, దానికి తెరిచినా. కారు స్టార్ట్ అయ్యె. నీ మాట నువ్వు నిలబెట్టుకుంటివి."

"మళ్ళా మూస్తివా?"

"మజ్జిగతో బంక మాదిరి కలిపి, వేలితో లోపలికి అదిమినా. ఈ ఎండకు ఆ కనపడే తోపు దాటకముందే రాయవుతాది."

"అయ్యో పిల్లా... ఇంట్లో నలుగురితో మాట్లాడేదానికి తలెత్తవు నువ్వు. కొంచెమేనా పెట్టింది?"

"నాయన ఆ డబ్బా మోసింది కొంచెం దూరమేనా?"

"ఉండు. ఆ భరిణె! వెండిది! అది ఈడనే ఉంటే రేపు పోలీసుతో వస్తాడే, ఇంటిల్లిపాదీ దొంగలంటాడు!"

"పెట్టెలోనే పెట్టినానమ్మా, లైసెన్సు ఉండిన చోట్లోనే. మనమేమన్నా దొంగలమా? లోపల కుంకుమ మాత్రం, ఒక్క చిటికె కూడా మిగల్లేదు."