అంగారకుడి మీద లీవ్ కాయితం

హలో… ఆ, నేనే. చెప్పు రేణుకా.

…లేదే, లీవ్ ఇంక రాలే.

…నాకు తెల్వదా? సోమారం వేములాడల బిడ్డ పుట్టెంటికలు. పుట్టినకాంచి దాన్ని ఫోన్లనే సూస్తున్న. నాకు మాత్రం ఉండదా?

…తిట్టకు, ఇను. ముదీర్, అదే మా మేనేజరు, సంతకం పెడుతలేడు. ఎందుకంటె… నా నవల సదివిండు.

…నవలనే! ఈడ షార్జా క్యాంపుల అందరం అంతరిక్షం సినిమా సూసినం కదా. దాన్ని ఎక్కిరించుకుంట నేను రాసి గ్రూపుల పెడుతున్న సూడు, అదే.

…మా ప్రసన్నకుమార్ సారే. నెల్లూరాయన. తెలుగు సదువుతడని నాకేం ఎరుక? మమ్ముల ఎన్నడన్న హిందీల తప్ప తిట్టిండా!

…తననే రాసిన్నని ఎట్ల గుర్తుపట్టిండా? అండ్ల విలన్ గెలాక్సీ చక్రవర్తి. తెల్ల హెల్మెట్ పెట్టుకోని, సులేమానీ చాయ్ తాక్కుంట, నక్షత్రాలను "యల్లా యల్లా" అని ఉరికిస్తడు. గ్రహాలన్నిటి పాస్‌పోర్టులు ఆయన బీరువాలనే. అచ్చం సారు లెక్కనే.

…నవ్వకు! ఈడ నా పాణం పోతుంది.

…హీరోనా? అంగారకుడి మీద షట్టరింగ్ మేస్త్రి. బిడ్డను సూడ భూమికి పోతనంటడు.

…ఆ, నా అసొంటోడే. ఎవని గోస వాడు రాసుకుంటడు.

…సారుకు కోపమస్తె మంచిగుండేది. చక్రవర్తిని కాంక్రీట్ మిక్సర్ల ఏసి సంపిన. సారు రూముకొచ్చి, "నన్నెందుకు చంపావయ్యా?" అని కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నడు.

…బతికించిన! మిక్సర్ ఉల్టా తిప్పి బయటికి తీసిన.

…ఇప్పుడు ఆయన గెలువాలెనట. గెలిస్తేనే సంతకం.

…ఎట్ల గెలిపిస్త? షార్జాల క్యాంపంత సదువుతుంది. విలన్ గెలిస్తె నాకు మెస్సుల బువ్వ వెట్టరు.

…అందుకే నిన్న ఉపాయం జేసిన. చక్రవర్తి గెలిచిండు. గెలిచి, హీరోను పిలిచి, లీవ్ కాయితం మీద తనంతల తనే సంతకం పెట్టిండు. "పోయి బిడ్డను సూస్కో" అన్నడు.

…ఏమన్నరా? రాకెట్లు నమ్మిండ్రు. రోబో ఓవర్‌టైం అడిగితె నమ్మిండ్రు. ఉల్టా మిక్సర్ గూడ నమ్మిండ్రు. ముదీర్ అడగకుంట లీవ్ ఇచ్చిండంటె, "మరీ ఇంత అబద్ధమా" అని గ్రూపంత లొల్లి!

…ఆగు. తలుపు కొడుతున్నరు.

…అమ్మో, సారే. రాండ్రి సార్. మా ఇంటామె సార్, ఫోన్ల.

…రేణుకా! సంతకం పెట్టిండే! కాయితం చేతికిచ్చిండు! రేపే వస్తున్న… ఏడ్వకు. నాక్కూడ ఆగుతలేదు.

…సార్, ఏమైంది? గట్ల నిలవడ్డరేంది?

…మీకా? మీకు లీవ్ ఎవరు ఇస్తలేరు సార్?

…రేణుకా, ఇంటున్నవా… సారును గూడ హెడ్డాఫీసు ఏండ్ల సంది ఇడుస్తలేదట. కొడుకు గొంతు మారిందట. మొన్న పోరడు ఫోన్ జేస్తె, "మీరెవరండీ?" అని సారే అడిగిండట.

…అవునే. పాపం.

…కథల చక్రవర్తినన్న ఇంటికి తోలమంటున్నడు. ఉండు, ఫోన్ పెడుతున్న.

కూసోండ్రి సార్. గిప్పుడే రాస్త. మీ ఇంటి ముంగట రాకెట్ దిగేటంత జాగున్నదా?