టీవీ వెనకాల గడిచిన మధ్యాహ్నం

సభకు పెద్దగా కూర్చున్న మన డైరెక్టర్ పియో గారికి, వేదిక మీదున్న పెద్దలకి, రాగి తీగ చుట్టే విభాగంలో నాతోపాటు మెడనొప్పి పంచుకున్న అక్కచెల్లెళ్ళకి, నది అవతల కొత్త భవనం నుంచి బస్సెక్కి వచ్చిన పల్చటి తెరల ఇంజనీర్లకి, వడ్డన వదిలేసి గరిటెతో సహా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ క్యాంటీన్ అక్కకి, ఇవాళ రిటైరవుతున్న ఈ తక్ గ్యంగ్‌సున్ తల వంచి నమస్కరిస్తోంది.

నాకు మైకు ముందు మాట్లాడటం చేతకాదు. పద్దెనిమిదో ఏట ఈ గుమి ఊరొచ్చి ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచీ మిషన్ల హోరులో అరిచి మాట్లాడటమే అలవాటు. కాబట్టి వినబడటం లేదని వెనక వరసలవాళ్ళు కంగారు పడక్కర్లేదు, ముందు వరసలవాళ్ళు చెవులు మూసుకున్నా నేనేమీ అనుకోను. (నవ్వులు)

పూలిచ్చారు, నా పేరు చెక్కిన గాజు పలక ఇచ్చారు. ఎంత బరువుందో! మొన్న ఆపేసిన పిక్చర్ ట్యూబు లైనులో మిగిలిన గాజుతో చేశారేమో అనుకుని మురిసిపోయాను. కాదట, బజార్లో కొన్నారట. (నవ్వులు) ఫర్వాలేదు, ఇంట్లో పచ్చడి జాడీ మీద బరువుకి పనికొస్తుంది.

నిన్న డైరెక్టర్ గారు నన్ను గదికి పిలిచి, "తక్ గారూ, రేపు అందరినీ ఏడిపించకండి. అసలే లైను మూసేశామని మనసులు బాగాలేవు. పిక్చర్ ట్యూబు ఎలా పనిచేస్తుందో మా కొత్తవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి దిగిపోండి చాలు" అన్నారు. పక్కనే ఉన్న యువ ఇంజనీరు నమ్‌గుంగ్ యున్‌జేని, "ఏమయ్యా, నిజంగా తెలీదా?" అని అడిగితే, "చదువుకున్నామండీ, కానీ దాన్ని ఎత్తి చూసింది లేదు" అన్నాడు. ఎత్తకు నాయనా, పెళ్ళి కావలసినవాడివి, నడుము జాగ్రత్త. (నవ్వులు)

సరే, చెబుతాను. ఒక పెద్ద గాజు బుడ్డి అనుకోండి. ముందు వెడల్పాటి మొహం, వెనక సన్నటి మెడ. లోపలి గాలంతా లాగేసి మూతి మూసేస్తాం. మెడ చివర ఒక చిన్న లోహపు గొట్టం ఉంటుంది, దాన్ని మేం తుపాకీ అంటాం. అందులో ఒక తీగ ఎర్రగా కాలుతూ ఉంటే, మరిగే పులుసు మీంచి ఆవిరి లేచినట్టు, ఆ వేడికి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. తెర వైపు వేల వోల్టులు పెట్టి వాటిని లాగితే, దారిలో గాలి కూడా అడ్డం లేదు కాబట్టి తిన్నగా పోయి తెరకి కొట్టుకుంటాయి. తెర లోపలివైపు పూసిన పొడి, దెబ్బ తగిలిన చోట వెలుగుతుంది. అంతే, ఒక్క చుక్క.

ఒక్క చుక్కతో బొమ్మెలా వస్తుందంటారా? అక్కడే మా విభాగం వస్తుంది. (తీగ చుట్టే విభాగం వైపు నుంచి చప్పట్లు) ఉండండర్రా, ఇంకా చెప్పలేదు! ఆ గాజు మెడకి మేం రాగి తీగ చుట్టల పట్టీ తొడుగుతాం. ఒక జత చుట్టలు ఆ చుక్కని ఎడమ నుంచి కుడికి పరిగెత్తిస్తాయి, ఇంకో జత దాన్ని పై నుంచి కిందికి దింపుతుంది. చుక్క ఒక గీత గీస్తుంది, కాస్త దిగి ఇంకో గీత గీస్తుంది, అలా అడుగుదాకా వెళ్ళి మళ్ళీ పైకి గెంతుతుంది. వెలుగు కావలసిన చోట తుపాకీ గట్టిగా కొడుతుంది, నీడ కావలసిన చోట కాస్త వెనక్కి తగ్గుతుంది. రంగుల టీవీ అయితే మూడు తుపాకులు, మూడు రకాల పొడి, ఎవరి పొడి మీద వాళ్ళే పడేలా మధ్యలో సన్నటి చిల్లుల రేకు. ఇదంతా కన్ను పట్టుకోలేనంత వేగంగా జరిగిపోతుంది. నిజానికి ఏ క్షణంలో చూసినా తెరని కొడుతున్నది ఆ ఒక్క చుక్కే. పూర్తి బొమ్మ ఉందని అనుకోవడం మన కళ్ళ మంచితనం.

ఇక్కడితో ఆపితే డైరెక్టర్ గారు సంతోషిస్తారు. గడియారం కూడా చూసుకుంటున్నారు. కానీ అయ్యా, ఆ పై నుంచి కిందికి దింపే చుట్ట పనిచెయ్యకపోతే ఏమవుతుందో చెప్పకుండా నేను ఈ మెట్లు దిగలేను. దాని విలువ నాకు తెలిసింది ఫ్యాక్టరీలో కాదు, మా ఇంట్లో.

1983 వేసవి మీలో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. మన కొరియా యుద్ధంలో చెదిరిపోయినవాళ్ళు తమ పేరూ, ఊరూ, ఎవరి చెయ్యి ఎక్కడ జారిందీ అట్టల మీద రాసుకుని, నంబరు తగిలించుకుని కెమెరా ముందు నిలబడితే, దేశమంతా టీవీల ముందు కూర్చుని ఏడ్చిన వేసవి. మా అమ్మ ఆ వేసవంతా తెర ముందే ఉంది. యుద్ధకాలంలో చలికి వణుకుతూ గూడ్సు బండి పైకప్పు ఎక్కి, చెల్లెలు సమ్‌వల్‌ని పైకి అందుకోబోయిందట. కింద ఎవరో మనిషి పిల్లని రెండు చేతులా ఎత్తి అందిస్తున్నాడట. బండి కదిలింది. చెల్లెలికి ఆరేళ్ళు, అమ్మకి పదిహేడు. ఆ తరవాత అమ్మ నన్ను కని పెంచింది, నాన్నని కాటికి సాగనంపింది, కానీ రైలు పక్కనుంచి వెళితే మాత్రం మాట మధ్యలో ఆగిపోయేది.

మాది పాత నలుపు తెలుపు సెట్టు. ఎవరి దగ్గరో వాడేసింది కొన్నాం. పగలంతా ఆపకుండా నడపడంతో వేడెక్కి, ఉన్నట్టుండి బొమ్మంతా ముడుచుకుపోయి తెర మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత మిగిలేది. రిపేరు దుకాణంలో అడిగితే, "ఆ చుట్టకెళ్ళే తీగ దగ్గర టంకం పగిలింది. సోమవారం దాకా తీరిక లేదు, ఊళ్ళో టీవీలన్నీ నా దగ్గరే ఉన్నాయి. అందాకా పొడి కర్రపుల్లతో అక్కడ నొక్కి పట్టు. చెయ్యి పెట్టావో, నీ బొమ్మకి దండ వేస్తారు" అన్నాడు.

యున్‌జే ముందే నోరు తెరుస్తున్నాడు. ఏమిటి, గట్టిగా అడుగు. (హాలులోంచి: "మీరే టంకం వేసెయ్యొచ్చు కదండీ?") వేసేదాన్నయ్యా! దానికి సెట్టు ఆపాలి కదా, మా అమ్మ ఆపనిస్తేనా!

"దుకాణానికి తీసుకెళ్ళొస్తానమ్మా" అంటే, "అది దుకాణంలో ఉన్నప్పుడు సమ్‌వల్ వస్తే?" అనేది. "పోనీ కాసేపు ఆపుతాను" అంటే, "ఆ కాసేపట్లోనే వస్తే?" అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, పక్కింటి బోంగ్‌శిక్ వాళ్ళమ్మ పుచ్చకాయ ముక్కలు పట్టుకొచ్చింది. అమ్మకి చదువు రాదు కాబట్టి అట్టల మీద రాసింది ఆవిడే చదివి చెప్పేది. కెమెరా వరసగా మనుషుల మీంచి జరుగుతోంది. అమ్మ ఒక్కసారి మోకాళ్ళ మీద లేచింది.

"ఆ నుదురు! ఒసేయ్, అది మా అమ్మ నుదురు! బోంగ్‌శిక్ అమ్మా, చదువు, చదువు!"

"రైలు దగ్గర... అక్క..." అని ఆవిడ మొదలుపెట్టిందో లేదో, ఆ మనిషీ అట్టా అక్షరాలూ అన్నీ కలిసి ఒక్క గీతైపోయాయి.

అమ్మ పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ గీతని రెండు చేతులతో విడదీసేదానిలా తెర మీద పడింది. చుక్క అక్కడే ఉంది, పరిగెడుతూనే ఉంది, ఆ మొహం తాలూకు వెలుగూ నీడా అంతా ఆ గీతలోనే ఉన్నాయి, కిందికి దింపే దిక్కు లేదు, అంతే. ఇంత పని నా వేళ్ళతో రోజూ చేసే తీగ చుట్టది అని నేనెప్పుడూ అనుకోలేదు.

చేతికి దొరికిన చెక్క చాప్‌స్టిక్కు పుచ్చుకుని వెనక్కి పరిగెత్తాను. గాలి తగలాలని వెనక అట్ట ఎప్పుడో తీసేసి ఉంది. ఒక చెయ్యి వీపు వెనక దాచుకుని, ఇంకో చేత్తో పుల్లని టంకం మీద నొక్కాను. "వచ్చింది!" అని బోంగ్‌శిక్ వాళ్ళమ్మ అరిచింది. వెంటనే అమ్మ, "వెళ్ళిపోయింది" అంది. కెమెరా ముందుకెళ్ళిపోయింది.

మళ్ళీ వెనక్కి వస్తుందేమోనని అందరం ఉన్నచోటే ఉండిపోయాం. వాళ్ళు తెర ముందు, నేను తెర వెనక. వేడి గాజు, కాలుతున్న దుమ్ము వాసన, చెమట కళ్ళల్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి లేదు. చెయ్యి వణికితే బొమ్మ ముడుచుకుంటుంది, ముడుచుకుంటే అమ్మ నన్ను తిడుతుంది.

"నొక్కవే! అన్నం తినలేదా?"

"నువ్వు పెట్టలేదమ్మా!" (నవ్వులు)

తరవాత ఒక్కసారిగా తిట్లు ఆగిపోయాయి. "ఏమైంది? కనబడిందా?" అని అడిగాను. "అమ్మా?" టీవీలో ఏడుపు వినబడుతోందో ఇంట్లో ఏడుపు వినబడుతోందో తెలియలేదు. ఇంతలో అమ్మ టీవీ పక్కనుంచి తల పెట్టి, నన్ను చూసి, "తియ్యకు తల్లీ, బోంగ్‌శిక్ అమ్మ నంబరు రాసుకుంటోంది, తియ్యకు" అంది. తల్లీ అని ఎప్పుడూ అనలేదండీ నన్ను. (ఒకరు మంచినీళ్ళతో లేస్తారు) మంచినీళ్ళు అక్కర్లేదు, కూర్చోండి.

నంబరు పట్టుకుని టోఫు కొట్టుకి పరిగెత్తాం ఫోను కోసం. ఆ వారంలోనే సియోల్ టీవీ కేంద్రానికి రైలెక్కాం. ఆవిడ పేరు హా పిల్‌లే, ఇంచన్‌లో చేపల బజారులో పని. పెంచినవాళ్ళు పెట్టిన పేరది, అసలు పేరు గుర్తులేదు. ఆ కేంద్రంలో వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు పట్టుకుని చూసుకుంటుంటే నేను మొదటిసారి ఆ నుదురు చూశాను. నిజమే, అమ్మ చెప్పే అమ్మమ్మ నుదురు ఇదే అనిపించింది.

కానీ ఆవిడ సమ్‌వల్ కాదు.

మాట్లాడుతుంటే బయటపడింది. ఆవిడది ఇంకో స్టేషను, ఇంకో ఏడాది. సమ్‌వల్ మోచేతి మీద కాలిన మచ్చ ఉండాలి, ఆవిడకి లేదు. ఆవిడ అక్కకి ఎడమచెయ్యి వాటమట, అమ్మది కుడిచెయ్యి. చివరికి పిల్‌లే, "మిమ్మల్ని ఇంత దూరం తిప్పాను, క్షమించండి" అని తల వంచింది. అమ్మ నా వైపు తిరిగి, "నువ్వా పుల్ల సరిగ్గా పట్టుకోలేదు, అందుకే నాకలా కనబడింది!" అంది. ఆ మాటకి పిల్‌లే ఫక్కున నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. అమ్మ, "పద, ముందు ఏదన్నా తిందాం. ఖాళీ కడుపుతో ఏడిస్తే తల తిరుగుతుంది" అంది.

చల్లటి నూడుల్స్ తిన్నారు. తిన్నాక ఇద్దరూ కలిసి, వెతికేవాళ్ళందరూ అట్టలూ కాగితాలూ అంటించిన టీవీ కేంద్రం గోడ దగ్గరికి వెళ్ళి, అమ్మ సమ్‌వల్ కోసం నాతో రాయించిన కాగితం, దాని పక్కనే పిల్‌లే కాగితం అంటించింది. "నీ అక్క కోసం నేను చూస్తుంటాను, నా చెల్లెలి కోసం నువ్వు చూస్తుండు" అంది. అప్పటి నుంచి ప్రతి చుసోక్ పండక్కీ ఇంచన్ నుంచి ఎండు చేపల మూట, ఆ మూటతోపాటు ఆవిడా మా ఇంటికి వచ్చేవారు. ఇద్దరూ పోట్లాడుకునేవారు కూడా. చూసినవాళ్ళు, "సొంత అక్కచెల్లెళ్ళేనా?" అంటే, అమ్మ, "ఇంత మొండితనం ఇంకెక్కడ దొరుకుతుంది?" అనేది.

సమ్‌వల్ దొరకలేదు. పిల్‌లే అక్కా దొరకలేదు.

అమ్మ పోయి ఆరేళ్ళు. ఆఖరి రోజుల్లో నన్ను బయటికి పొమ్మని పిల్‌లేని ఒక్కదాన్నే మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను, ఎవరైనా వింటారు. (నవ్వులు) మా పిల్‌లే పిన్ని ఇవాళ ఇక్కడే ఉంది. అదిగో, మూడో వరసలో నారింజకాయలు ఒలిచి పక్కవాళ్ళందరికీ పంచుతోంది. పిన్నీ, లే, ఒకసారి అందరికీ కనబడు. (చప్పట్లు) పిన్నీ, అమ్మ నీతో ఏం చెప్పిందో నేను ఇన్నాళ్ళూ విననట్టే ఉన్నాను. ఇవాళ చెప్పెయ్యనా?

(ఆవిడ చెయ్యి ఊపుతారు.) చెప్పమంటోంది.

"సమ్‌వల్ వస్తే దానికి ఎవరూ లేరనుకోనివ్వకు. నువ్వు దానికి అక్కవి. ఇల్లు చూపించి, ముందు అన్నం పెట్టు" అంది.

అందుకే పిన్ని ఇంచన్‌లో ఇల్లు ఖాళీ చేసి పోయిన నెల మా ఇంటికి వచ్చేసింది. నేనూ రేపటి నుంచి ఇంట్లోనే ఉంటాను. ఎవరు తలుపు తట్టినా ఇద్దరిలో ఒకరం ఉంటాం.

ఇంతసేపు భరించినందుకు డైరెక్టర్ గారికి, నా చేతికి తీగ పట్టుకోవడం నేర్పిన పెద్దక్కలకి, నా గొంతు అలవాటైపోయిన చెల్లెళ్ళకి నా కృతజ్ఞతలు. కొత్త భవనం పిల్లలూ, మీ తెరలు ఎంత పల్చగానైనా చెయ్యండి, వాటి ముందు కూర్చునేవాళ్ళు ఎవరి కోసం చూస్తున్నారో మీకు తెలీదు, కాబట్టి బాగా చెయ్యండి. క్యాంటీన్ అక్క గరిటె ఊపుతోంది, పులుసు చల్లారుతోందట. ఇక నాకు సెలవు.