ఏడో గడి

(రాజోలులో రిటైర్డ్ హెడ్మాస్టరు అబ్రహాము గారింటి వరండా. మధ్యాహ్నం మూడున్నర. వైనతేయ ఎయిర్ అనే చిన్న విమాన సంస్థను దాని పోటీ సంస్థ సిల్వర్‌లైన్ కొనబోతోంది. సరేనంటారో వద్దంటారో పైలట్లు ఈ సాయంత్రం అయిదింటిలోగా ఓటు వెయ్యాలి. వైనతేయలో కెప్టెన్ శ్యామ్ సుందర్ రాజమండ్రి నుంచి కారేసుకుని వచ్చాడు. అబ్రహాము గారి కూతురు మెర్సీ ఆయన పక్క సీట్లో కూర్చునే కో-పైలట్.)

"అందుకే నేనే బయల్దేరి వచ్చేసేను మాస్టారూ. పొద్దుట్నించీ పన్నెండుసార్లు ఫోన్ చేసేను. మీ అమ్మాయి ఎత్తటం లేదు."

"ఫోను ఛార్జింగులో ఉంది సార్."

"పన్నెండుసార్లూ ఛార్జింగులోనే ఉందా అమ్మా?"

"ఉందండి."

"కూర్చోండి కెప్టెన్ గారూ. ఎండనపడి వచ్చేరు, ముందు ఈ కొబ్బరినీళ్ళు తాగండి. ఏవమ్మా, ఆయన అంత దూరం నుంచి వస్తే నువ్వు గుమ్మంలోనే నిలబడిపోయేవు?"

"మర్యాదలకేం గానీ మాస్టారూ, నేను చెప్పాల్సింది ఒక్క ముక్కే. అమ్మాయి 'వద్దు' అని నొక్కాలి. తను ఎటు నొక్కితే కో-పైలట్లు పద్నాలుగు మందీ అటే నొక్కుతారు. కెప్టెన్లం మేం ఎలాగూ వద్దనే."

"నేనింకా అనుకోలేదు సార్."

"మొన్న అనుకున్నావు కదా."

"మొన్న అనుకున్నాను."

"మరి?"

"మొన్న అనుకున్నాను. ఇవాళ అనుకోలేదు."

"ఒక్క నిమిషం. నాకు తెలిసేలా చెప్పండి. సిల్వర్‌లైన్ వాళ్ళు పెద్దవాళ్ళు కదండీ. డెబ్భై విమానాలున్నాయని పేపర్లో చదివేను. మునిగే పడవలోంచి పెద్ద పడవలోకి ఎక్కండంటే వద్దంటారేంటి?"

"ఉత్తినే ఎక్కమనటం లేదు మాస్టారూ. చుక్కాని వదిలేసి వచ్చి తెడ్డు పట్టుకోమంటున్నారు. ఇరవై రెండేళ్ళు ఎగిరేనండి. వైనతేయ సీనియారిటీ జాబితాలో నాది రెండో నంబరు. వాళ్ళ జాబితాలో మమ్మల్నందర్నీ ఆఖర్న చేరుస్తారంట. వాళ్ళలో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి తర్వాత నేను. మా ఉద్యోగంలో ఆ నంబరే సర్వమూనండి. ఎడమ సీట్లో కెప్టెన్‌గా కూర్చుంటామా, కుడి సీట్లో కో-పైలట్‌గా కూర్చుంటామా, రాజమండ్రిలో ఉంటామా, లక్నో పోతామా, మనుషుల్ని తీసేసే రోజొస్తే ముందు ఎవరు, అన్నీ అదే చెబుతుంది."

"అది నాకు చెప్పక్కర్లేదండి. ఎయిడెడ్ స్కూళ్ళు కలిపినప్పుడు నేనూ చూసేను. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న జ్ఞానప్రకాశం మాస్టార్ని తీసుకెళ్ళి, ఆయన దగ్గర చదువుకున్నవాడి కింద వేసేరు. రిటైరయ్యేదాకా ఆయన మరి స్టాఫ్ రూములో అడుగుపెట్టలేదు. ఖాళీ పీరియడ్లో బయట మెట్ల మీద కూర్చునేవారు."

"అదేనండి నా బాధ. ఈ వయసులో నేను మెట్ల మీద కూర్చోలేను."

"విమానాల సంగతి కూడా చెప్పండి సార్ నాన్నగారికి."

"విమానాలకేం?"

"ఉన్నవి అయిదు నాన్నగారూ. రెండింటిని విప్పేసి ఆ సామాన్లు మిగతా మూడింటికీ వేస్తున్నారు. మొన్న తిరుపతిలో టైరు మార్చాలంటే టైరు లేదు. జనాన్ని నాలుగు గంటలు కూర్చోబెట్టేం. మనం వద్దంటే వైనతేయ ఈ ఏడాది దాటదు."

"వేరేవాళ్ళెవరో కొంటారు."

"ఎవరు సార్?"

"ఎవరో ఒకరు. బెంగళూరు వాళ్ళు చూస్తున్నారంటున్నారు."

"రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నారండి వాళ్ళు."

"నువ్వు ఎవరి వైపు మాట్లాడుతున్నావు మెర్సీ? నీ కెప్టెన్ ప్రమోషన్ ఫైలు వెళ్ళి ఎన్నాళ్ళయింది? వాళ్ళలో కలిస్తే నీ ముందు రెండు వందల మంది ఉంటారు. నలభై దాటేక వస్తుంది నీకు ఎడమ సీటు."

"తెలుసండి."

"ఇప్పుడు అన్నీ ఇస్తామంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటేక బోడి మల్లయ్య."

"తెలుసండి అన్నాను కదా సార్."

"ఉండమ్మా, ఆయన మీద విసుక్కోకు. నాకు తెలీక అడుగుతాను. మొన్న వద్దనుకున్నదానివి ఇవాళ ఎందుకు ఊగిసలాడుతున్నావు? మధ్యలో ఏమైంది?"

"ఏం కాలేదు."

"మెర్సీ."

"ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యేక అమ్మతో కాట్రేనికోన వెళ్ళేను నాన్నగారూ. సత్యప్రియని చూడ్డానికి."

"ఎందుకు వెళ్ళేవమ్మా? వెళ్ళొద్దన్నాను కదా."

"అదేంటండీ కెప్టెన్ గారూ. మీ విమానంలో పనిచేసే ఎయిర్‌హోస్టెస్ పిల్లే కదా. మంచాన పడి ఉంటే చూడ్డానికి వెళ్ళొద్దంటారేంటి?"

"నా ఉద్దేశం అది కాదండి. అమ్మాయి మనసు పాడు చేసుకుంటుందని."

"మా ఆవిడ వచ్చి ఒక మాట అంది. మేడమెట్ల మీద నుంచి జారిపడింది, నడుం విరిగింది అని కదా మీ కంపెనీ వాళ్ళు చెప్పేది. వాళ్ళది పెంకుటిల్లటండి. మేడెక్కడిది, మెట్లెక్కడివి అంది."

"అదీ... వాళ్ళ బంధువులింట్లోనేమో."

"మెర్సీ, ఆ పిల్ల ఎక్కడ పడింది?"

"కాఫీ పెట్టనా నాన్నగారూ?"

"కాఫీ సంగతి తర్వాత. ఎక్కడ పడింది?"

"పడలేదు. కూర్చునే ఉంది. విమానంలో వెనక సీట్లో, బెల్టు పెట్టుకునే కూర్చుంది."

"మెర్సీ, ఇప్పుడెందుకమ్మా అది?"

"చెప్పనివ్వండి సార్. జూన్ పద్నాలుగున నాన్నగారూ. తిరుపతి నుంచి వస్తున్నాం. రాజమండ్రిలో వాన, పక్క గాలి. విమానం గట్టిగా దిగింది. నేలకి తగిలి, లేచి, మళ్ళీ తగిలింది. రెండోసారి సత్యప్రియ అరిచింది. తలుపు వేసున్నా మాకు వినపడింది."

"గాలి అంతగా ఉంటే దించకూడదు కదండీ?"

"దించొచ్చండి. ఎంత గాలిలో దించొచ్చో కెప్టెన్లకి ఒక లెక్క, కో-పైలట్లకి ఒక లెక్క. ఆ రోజు గాలి నా లెక్కకి లోపలే ఉంది."

"మాకొక అలవాటు నాన్నగారూ. వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు..."

"అమ్మా మెర్సీ, ఇంకాస్త కొబ్బరినీళ్ళు ఉన్నాయా?"

"మాట మార్చకండి కెప్టెన్ గారూ. గట్టిగా దిగింది, సరే. దిగేక ఏం చెయ్యాలి?"

"విమానం లాగ్‌బుక్కులో రాయాలండి. రాస్తే ఆ విమానాన్ని పక్కన పెట్టి, చక్రాలూ అవీ విప్పి చూస్తారు. ఉన్నవేమో మూడు."

"రాయలేదన్నమాట."

"రాయలేదండి."

"ఎవరు రాయాలి?"

"కెప్టెన్ రాయాలండి. నేనే రాయలేదు."

"మరి ఆ పిల్ల?"

"అప్పుడు నడిచే దిగిందండి. నెప్పి అంది, అంతే. రెండ్రోజులకి కాళ్ళు తిమ్మిరెక్కేయి. అప్పటికే లాగ్‌బుక్కు మూసేసేం. ఆఫీసువాళ్ళు ఇంటి దగ్గర పడిందని రాయించుకు రమ్మన్నారు."

"ఎవర్ని రమ్మన్నారు?"

"కాగితం పట్టుకెళ్ళింది నేనేనండి."

"ఆ పిల్ల తండ్రి చేపల వేటకెళ్తాడు, చదువు రాదు. వేలిముద్ర కూడా మీరే వేయించేరా?"

"అమ్మాయే సంతకం పెట్టిందండి. నేను చెప్పేనని పెట్టింది."

"మీరు చెప్పేరని."

"ఆయ్."

"ఇంటి దగ్గర పడిందని తనే రాసిచ్చింది కాబట్టి కంపెనీకి సంబంధం లేదు. అంతేగా? వైద్యం వాళ్ళ ఖర్మ."

"నాన్నగారూ, సిల్వర్‌లైన్ వాళ్ళు ఒక ఫారం పంపేరు. సరే అని ఓటేసినవాళ్ళు దాంతో పాటు ఇవ్వాలి. ఈ రెండేళ్ళలో ఏవైనా జరిగి, లాగ్‌బుక్కులో రాయకుండా వదిలేసి ఉంటే అందులో రాయాలి. రాయకపోయినా, విమానం ఎలా ఎగిరిందో ఎలా దిగిందో నమోదు చేసే పెట్టె అందులో ఉంటుంది. కొన్నాక ఆ పెట్టెలన్నీ విప్పి చదువుతామన్నారు."

"పెట్టెలో దెబ్బ తెలుస్తుంది మాస్టారూ. చెయ్యి ఎవరిదో తెలీదు."

"చెయ్యి ఎవరిదో మనకి తెలుసు కదండీ."

"ఆయ్. తెలుసండి."

"అందుకన్నమాట మీరు వద్దనేది. సీనియారిటీ అన్నారు, చుక్కాని అన్నారు, లక్నో అన్నారు. నా చేత మా జ్ఞానప్రకాశం మాస్టారి కథ కూడా చెప్పించేరు."

"అదీ నిజమేనండి. ఇదీ నిజమే."

"నీ సంగతేంటమ్మా? నువ్వు మొన్న వద్దని ఎందుకనుకున్నావు? నీకేం భయం?"

"నాకేం భయం నాన్నగారూ."

"కెప్టెన్ గారి కోసమా?"

"నా కోసమేనండి మాస్టారూ. నేనే అడిగేను."

"సార్, మీరెందుకు..."

"నువ్వుండమ్మా. నేనే అడిగేనండి. లైసెన్సు పోతే ఈ వయసులో నాకు ఇంకో పని రాదు. అడిగేను. గురువుని కదా, కాదనలేకపోయింది."

"మీరు మా ఇంటికొచ్చిన మనిషి. అనకూడదు. కానీ అనకుండా ఉండలేకపోతున్నాను. ఏడేళ్ళ కింద ఇదే వరండాలో మీ చేతులు పట్టుకుని చెప్పేను, మా పిల్లని మీ కూతుర్లా చూసుకోండని. మా వాళ్ళలో ముందు తరం వరకూ కూలికి వెళ్ళినవాళ్ళమే. మా ఇంట్లోంచి ఒక పిల్ల విమానం ఎక్కడం కాదు, నడుపుతోందంటే పేట పేటంతా ప్రార్థన చేసింది. మీ తప్పు మొయ్యడానికా ఆ పిల్ల మీకు దొరికింది?"

"తప్పేనండి."

"అక్కడ ఇరవై నాలుగేళ్ళ పిల్ల మంచం మీద పక్కకి తిరగలేకపోతోంది. మీరేమో నంబరు పోతుందంటున్నారు. ఇన్నేళ్ళు మిమ్మల్ని పెద్దమనిషి అనుకున్నాను."

"చాలు నాన్నగారూ."

"చాలదమ్మా."

"చాలు. ఆయన్ని ఏమీ అనకండి."

"ఎందుకనకూడదు? ఆయన చేతుల్లో ఒకరి నడుం..."

"ఆదివారం నేను వెళ్తే సత్యప్రియ నా చెయ్యి పట్టుకుంది నాన్నగారూ. అక్కా, ఎవర్నీ ఏమీ అనొద్దు, అందరి ఉద్యోగాలూ ఉండాలి కదా అంది. వాళ్ళమ్మ తనని ఇటు తిప్పుతూంటే పళ్ళ బిగువున ఉండి నాతో నవ్వుతూ మాట్లాడింది. నాకు ఆ రోజు నుంచి నిద్ర లేదు. టైమెంతయింది?"

"నాలుగుంపావు."

"ఫారం తెచ్చి పెట్టుకున్నాను. పెన్నివ్వండి."

"వద్దమ్మా మెర్సీ. నా మాట విను. ముప్ఫై ఏళ్ళు ఎగరాల్సినదానివి."

"పిల్లని బెదిరిస్తున్నారా?"

"బెదిరించటం లేదు మాస్టారూ. బతిమాలుతున్నాను. మెర్సీ, నేను పొద్దున్నే ఫోన్ చేసింది అందుకే. నువ్వు ఇలా చేస్తావని తెలుసు. సరే, ఓటు నీ ఇష్టం. 'సరే' అనే నొక్కు. ఆ ఫారం మాత్రం నాకు వదిలెయ్. కెప్టెన్‌ని నేను. నేను రాసుకుంటాను."

"మీరు ఏం రాస్తారో నాకు తెలుసు సార్."

"తెలిసినప్పుడు మరేంటి?"

"అందుకే మీకు వదలను."

"భేష్. అదీ మాట. రాయమ్మా. కెప్టెన్ గారూ, మీరు ఆ కుర్చీలోంచి లేవకండి. పిల్లని రాయనివ్వండి."

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను, మీరైనా ఆపండి. తర్వాత మీరే బాధపడతారు."

"అబద్ధం రాస్తే బాధపడతాను గానీ నిజం రాస్తే ఎందుకండీ బాధ? నలభై ఏళ్ళు పిల్లలకి అదే చెప్పేను."

"అయిపోయింది నాన్నగారూ. ఓటు కూడా నొక్కేసేను, 'సరే' అని. గ్రూపులో మా వాళ్ళకీ చెప్పేసేను. ఇంక దీన్ని ఫోటో తీసి పంపించెయ్యడమే."

"ఆగు. నీ టెన్త్ క్లాసు దరఖాస్తు దగ్గర్నించీ నేను చదవకుండా నీ కాగితం ఏదీ ఈ గుమ్మం దాటలేదు. ఆ కళ్ళజోడు ఇలా అందుకో. నా ఎర్ర పెన్నేది?"

"మాస్టారూ, ఆ కాగితం ముందు నాకివ్వండి."

"మీకెందుకండీ? పైకే చదువుతాను, మీరూ వినండి. తేదీ, జూన్ పద్నాలుగు. ఊఁ. తిరుపతి నుంచి రాజమండ్రి. ఊఁ. గాయపడినవారు, సత్యప్రియ, నడుం. ఇంటి దగ్గర పడినట్టు రాయించినది అబద్ధం. బాగా రాసేవమ్మా. లాగ్‌బుక్కులో రాయకుండా దాచినవారు, ఇద్దరి పేర్లూ రాసేవు. పోన్లే, అదీ న్యాయమే. ఏడో గడి, విమానం దించిన పైలట్ పేరు..."

"చదవండి నాన్నగారూ."

"కంగారులో గడి తప్పేవమ్మా. కెప్టెన్ గారి పేరు రాయాల్సిన చోట నీ పేరు రాసేవు. ఉండు, దిద్దుతాను."

"దిద్దకండి నాన్నగారూ. అది సరిగ్గానే రాసేను."