మూడో గుండీ

వీధి వైపు గుండీల కొట్టు, దాని వెనకే ఇల్లు. బల్లకి లోపలి వైపు నాయనమ్మ, ఆవిడ పక్కన కాలేజీలో చేరాల్సిన మనవరాలు. బయటి వైపు స్టూలు మీద, రంగు కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని, కాలేజీవాళ్ళు పంపిన కుర్రవాడు.

“పెన్ను జేబులో పెట్టుకో బాబూ. నేనడగాల్సినవి సగం కూడా అవలేదు.”

“అడగండి మామ్మగారూ. కాకపోతే సాయంత్రం అయిదుకి లిస్టు మూసేస్తారు. ఇక్కడ మీ సంతకం ఒక్కటి పడితే, బిజినెస్ మేనేజ్‌మెంటూ మార్కెటింగూ, ఆ సీటు మేడమ్‌గారిదే.”

“ఇది మేడమ్ ఎప్పుడైంది? పొద్దున్న కూడా జడ వెయ్యమని నా ముందు చతికిలబడింది.”

“నాయనమ్మా, ఆయన్ని చెప్పనీ.”

“నేను వద్దన్నానా? ఎండన పడి వచ్చావు బాబూ. పొద్దుట్నించి ఎన్ని ఇళ్ళు తిరిగావు?”

“మీది తొమ్మిదోది.”

“ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఏమన్నారు?”

“ఆలోచించి చెబుతామన్నారు.”

“అంటే వద్దన్నారు. అయినా ఇక్కడికి నవ్వుమొహంతోనే వచ్చావు. బావుంది. ఇప్పుడు చెప్పు, మీ కాలేజీలో ఏముంది?”

“మొత్తం అద్దాల బిల్డింగండీ. ప్రతి గదికీ ఏసీ. వెనకాల ఈతకొలను—”

“కొలనులో దిగి సరుకు అమ్ముతారా?”

“అది వ్యక్తిత్వ వికాసానికండీ.”

“నలభై ఏళ్ళబట్టి కొట్టు నడుపుతున్నాను. నా వ్యక్తిత్వానికి స్నానాలగది సరిపోయింది. నా బెంగ అది కాదు. ఇది చదువుకి పోతే ఈ బల్ల వెనకాల ఎవరు కూర్చుంటారు? నా మోకాళ్ళు చూస్తే పై అర దాకా ఎక్కనివ్వవు. కొట్లోకి ఓ మనిషి దొరికితేనే దీని చదువు.”

“ఈ మాటే పట్టుకుని నాయనమ్మ ఏ ఫారం మీదా సంతకం పెట్టట్లేదండీ. బస్టాండు వెనక పాత కాలేజీది నింపి పెట్టుకున్నాను. అదీ అలాగే పడుంది. దానికీ ఈ వారమే ఆఖరు.”

“ఆ పాత కాలేజీయా మేడమ్? గోడలు పెచ్చులూడిపోతున్నాయి.”

“ఊడితే ఊడనీయండి. అక్కడి సారు వారానికో రోజు పిల్లల్ని సంతలో నిలబెట్టి సరుకు అమ్మిస్తాడట.”

“ఎండలో నిలబెట్టా? మా దగ్గర అలాంటివేం లేవు. ఈ ఫొటోలు చూడండి, మామ్మగారూ. చదువైన మర్నాడే ఉద్యోగాలు. నూటికి నూరుమందికీ.”

“ఏదీ, ఇలా తే. నా కళ్ళజోడేదే? ఆఁ. నలుగురు కుర్రాళ్ళు. బాబూ, వీళ్ళు అన్నదమ్ములా?”

“కాదండీ. ఏం?”

“మరి నలుగురూ ఒకే కోటు ఎందుకు తొడుక్కున్నారు?”

“ఒకటేనా? అంటే... యూనిఫాం లాంటిదండీ—”

“యూనిఫామైతే నాలుగుంటాయి. ఇది ఒక్కటే. మూడో గుండీ చూడు. పై రెండూ నాలుగు బెజ్జాలవి, మూడోది రెండు బెజ్జాలది. అదీ నల్లదారం దొరక్క నీలిదారంతో కుట్టారు. నాలుగు ఫొటోల్లోనూ అదే నీలిదారం.”

“అవును నాయనమ్మా. అదే.”

“ఇంకోటి. ఈ రెండోవాడు, మీసం లేనివాడు. నువ్వేగా?”

“మామ్మగారూ, కాసిని మంచినీళ్ళు—”

“ఇస్తాం. ముందు చెప్పు.”

“నేనేనండీ.”

“ఏం ఉద్యోగం ఇచ్చారు నీకు?”

“ఇదే.”

“మిగతా ముగ్గురికో?”

“వాళ్ళకీ ఇదేనండీ. తలా నాలుగు వీధులు. నూటికి నూరన్నది అబద్ధం కాదు, అందరికీ ఇచ్చారు. కాకపోతే ఇవాళ ఒక్క సంతకమైనా తేకపోతే రేపట్నుంచి రావద్దన్నారు.”

“నీళ్ళు తాగు అన్నా. మెల్లిగా. పొలమారుతుంది.”

“తాగాక ఓ పని చెయ్యి. ఈ డబ్బా చూడు, నారింజరంగు గుండీలు. మా ఆయన మోజుపడి తెచ్చాడు. ఆయనా పోయి పదేళ్ళైంది, ఇవి మాత్రం కదల్లేదు. మా పిల్ల కొనడానికొచ్చిందనుకో. దీనికి అమ్ము చూద్దాం.”

“ఇప్పుడా? ఎందుకండీ?”

“అమ్మడం చదివినవాడివిగా. దీన్నీ అదే చదవమంటున్నావుగా.”

“సరే. మేడమ్, ప్రపంచస్థాయి నాణ్యతతో, అత్యాధునిక—”

“వద్దండీ. ఎదురు కొట్లో చూసుకుంటాను.”

“ఆగండాగండి. ఆగు చెల్లెమ్మా. నిజం చెప్పనా? ఇవి చూడ్డానికేం బావుండవు.”

“అది నాకూ కనబడుతూనే ఉంది.”

“బడికెళ్ళే పిల్లాడున్నాడా మీ ఇంట్లో?”

“ఉన్నాడనుకో.”

“వారానికెన్ని గుండీలు ఊడగొట్టుకొస్తాడు?”

“రెండు.”

“తెల్లది ఊడిపడితే మళ్ళీ కంటికి కనబడదు. ఇది మట్టిలో పడనీ, మంచం కింద పడనీ, ఇక్కడున్నానని పిలుస్తుంది. వాడే ఏరుకొచ్చి చేతిలో పెడతాడు. బడిలో ముప్ఫై చొక్కాలు కలిసిపోయినా మనది మనకి దొరుకుతుంది. ఒక్క డజను పట్టుకెళ్తే మళ్ళీ ఏడాది దాకా మా కొట్టు మొహం చూడక్కర్లేదు.”

“రెండు డజన్లు ఇవ్వండి.”

“అప్పుడే మా కొట్టంటున్నాడు, విన్నావుటే? బాబూ, ఈ మాటలు మీ కాలేజీలో నేర్పారా?”

“లేదండీ. మా అమ్మ బడి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకునేది. దాని కిందే పెరిగాను.”

“మరి కాలేజీలో మూడేళ్ళూ ఏం నేర్చుకున్నావు?”

“ఈత.”

“నవ్వకే. వాడు నిజం చెప్పాడు. బాబూ, లేచి నిలబడు. ఆ పై అర అందుతుందా నీకు?”

“అందుతుందండీ. ఏం తియ్యమంటారు?”

“ఏం తియ్యకు, కూర్చో. పారిపోకు. అమ్మడూ, ఆ పాత కాలేజీ ఫారం పట్టుకురా, సంతకం పెడతాను. రేపొకణ్ణీ ఎల్లుండొకణ్ణీ రమ్మన్నాం చూడు, ఆ మిగతా రెండు కాలేజీల కుర్రాళ్ళు, వాళ్ళకి ఫోన్ చేసి చెప్పెయ్, కొట్లోకి మనిషి దొరికాడని.”