కడగని బాల్

గుంటూరులో నల్లపాడు వైపు కొత్తగా లేచిన మాల్. మూడో అంతస్తులో, బరువైన బాల్ దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ హాలు, నాలుగే నాలుగు లేన్లతో. మిట్టమధ్యాహ్నం, ఏసీ చెడిపోయింది, ఆడేవాళ్లెవరూ లేరు. హాలు నడిపే అంకమ్మరావు కౌంటరు వెనక విసనకర్రకు బదులు మెనూ కార్డుతో విసురుకుంటున్నాడు. అతని మేనకోడలు భవ్య, పోయిన వారం ఇక్కడే జరిగిన ఆడపిల్లల పోటీలో గెలిచిన పిల్ల, మావయ్య తన కోసం తెచ్చిన పాత బాల్‌ని చచ్చిన ఎలకను చూసినట్టు చూస్తోంది.

“బౌలింగ్ బాల్‌ని ఎవరైనా ముక్కు దగ్గర పెట్టుకుంటారటే? విసిరి చూడు ముందు.”

“విసరడం తర్వాత. ఈ కంపేంటి మావయ్యా?”

“కంపేముంది? పాత బాల్. నలుగురి చేతులు పడుంటాయి.”

“చేతుల కంపు నాకు తెలియదా? నీ హాల్లో అద్దె బూట్లు ఎన్నాళ్లుగా తొడుక్కుంటున్నాను! ఇది అది కాదు.”

“అయితే కడుక్కో. శనివారం విశాఖలో రాష్ట్ర సెలక్షన్స్ పెట్టుకుని వాసనలు చూస్తూ కూర్చుంటావా? ఉమ్మడి జిల్లా మొత్తానికీ ఒక్క ఆడపిల్లనే పంపిస్తున్నారు. ఆ ఒక్కదానివీ నువ్వు. బాల్ సంగతి తేల్చు.”

“తేల్చడానికేగా వచ్చింది. పోయిన వారం పోటీకని విజయవాడలో నా స్నేహితురాలు జాస్మిన్ దగ్గర అరువు తెచ్చుకున్న బాల్ తిరిగిచ్చేశాను. నీ హాల్లో ఉన్న ప్లాస్టిక్ బాల్స్ పట్టుకెళ్తే విశాఖలో పనికిరావు. అక్కడ లేన్ల మీద నూనె దండిగా పట్టిస్తారంట. ప్లాస్టిక్‌ది దాని మీద తిన్నగా జారిపోతుంది, మలుపు తిరగదు. నూనెని పట్టుకునే గరుకు బాల్ కావాలి నాకు.”

“గరుకుది కొంటావు. పొద్దున బాగానే తిరుగుద్ది. మధ్యాహ్నానికి పదిమంది ఆడి లేన్ ఎండిపోయాక? సగం దూరంలోనే మలుపు తిరిగి, లేన్ పక్కనుండే కాలవలో, ఆ గట్టర్లో పడుద్ది. అప్పుడేం చేస్తావు?”

“అందుకే రెండు కొందామన్నాను.”

“రెండా? దండగ! ఇది మధ్యరకం. నూనె ఎక్కువుందనుకో, గరుకు కాయితం పెట్టి రుద్దు, లేన్‌ని పట్టుకుంటుంది. ఎండిపోయిందనుకో, పాలిష్ కొట్టు, జారుద్ది. ఒక్క బాల్‌తో రెండు పనులు. ఇంత చవగ్గా నీకెవడిస్తాడు?”

“నీకెవడిచ్చాడు?”

“ఆఁ?”

“ఇది నీకెవడిచ్చాడు అంటున్నాను.”

“ఎవరో. చిలకలూరిపేటలో ఒకళ్లు ఆడటం మానేశారు. నిన్న పని మీద వెళ్లి పట్టుకొచ్చా. ఎండలో డిక్కీలో పడేసి తెచ్చాను గదా, అందుకే ఆ జిడ్డు. బాల్‌కి చెమట పడుద్ది, నీకు తెలియందేముంది?”

“తెలుసు. లోపలికి ఇంకిన నూనె వేడికి బయటికొస్తుంది. ఇంకింది ఏ నూనె అనేదే నాకు తెలియడం లేదు.”

“లేన్ నూనె. ఇంకేం నూనె ఉండుద్ది?”

“లేన్ నూనెకి వాసనుండదు.”

“నాకైతే ఏ వాసనా రావట్లా. నిన్నటి నుంచి జలుబు.”

“అదృష్టవంతుడివి. చూడు, నా చేతికెలా అంటుకుందో. ఛీ! ఇది నాకు తెలిసిన వాసనే మావయ్యా. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే...”

“మీ ఇంట్లో వాసన బాల్‌కెందుకంటుద్దే? వేళ్లు పెట్టి చూడు. సరిపోయినయ్యా లేదా?”

“సరిపోయాయి. బొటనవేలే కాస్త బిగుతు.”

“చూశావా! నీ వేళ్లు కొలిచి చిల్లులు పెట్టినట్టే ఉంది. నక్క తోక తొక్కొచ్చావు, ఇంక మాట్లాడకుండా—”

“ఆగాగు. ఎండుమిర్చి రంగు. మీద తెల్ల చారలు. ఇది రెబ్కా బాల్!”

“రెబ్కా ఎవరు?”

“రెబ్కా ఎవరా?”

“ఓ... ఆ పిల్లా. ఏమో మరి. ఆ రంగువి బోలెడుంటాయి.”

“బోలెడా? మన జిల్లాలో సొంత బాల్ ఉన్న ఆడపిల్ల రెబ్కా ఒక్కతే. పోయిన వారం ఫైనల్లో నా పక్క లేన్లో నిలబడి దీంతోనే ఆడింది. ఎవరితో చెప్తున్నావు మావయ్యా?”

“సర్లేవే, ఆ పిల్లదే. అయితే ఏమైందంట? మానేసింది, అమ్మేసింది, కొన్నాం. ఇందులో దొంగతనమేమన్నా ఉందా?”

“ఎందుకు మానేసింది?”

“ఓడిపోయిందిగా. మనసు విరిగి ఉండుద్ది. తినేదేమన్నా చెప్పనా? స్వీట్ కార్న్?”

“నాకేం వద్దు. ఈ కంపులో నీళ్లు కూడా దిగవు. మావయ్యా, ప్రాక్టీసులో రెబ్కా ఎప్పుడూ నా మీద గెలిచేది. ఫైనల్లో ఏమైంది దానికి? అంచు దగ్గర్నుంచి వదిలింది, ఎప్పుడూ వదిలే చోటు నుంచే. లోపలికి తిరగాల్సిన బాల్ తిరగలేదు. తిన్నగా పోయి గట్టర్లో పడింది. మళ్లీ వదిలితే మళ్లీ అంతే. అందరూ నవ్వారు.”

“నువ్వూ నవ్వావుగా! ‘చవక బాల్ కొంటే ఇలాగే ఏడుస్తుంది’ అన్నావు. మైకులోంచి హాలంతా వినపడింది.”

“అన్నాను. నా నోరు పడిపోను, అన్నాను. పైగా మైకు ఆన్‌లో ఉందని తెలిసే అన్నాను.”

“మరి ఇప్పుడు అదే బాల్—”

“బాల్‌కేం లేదు. ఎక్కడా పగుల్లేదు, బరువు సరిగ్గా ఉంది. జాస్మిన్ బాల్ ఏ రకమో ఇదీ అదే రకం. నాది తిరిగింది. దానిది ఎందుకు తిరగలేదు?”

“నన్నడిగితే?”

“నిన్నే అడగాలి. లేన్లకి నూనె పట్టించేది నువ్వు.”

“ఈ ఏసీ వాడికి పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను, ఎత్తడే వెధవ. ఈ ఉక్కలో—”

“మావయ్యా!”

“ఏంటే?”

“పత్తిచెక్క.”

“ఏంటీ?”

“ఈ వాసన. మా గేదెలకి నానబెట్టే పత్తిచెక్క. కుడితి తొట్టిలో రెండు రోజులుండిపోతే సరిగ్గా ఇదే కంపు. ఇది పత్తిగింజల నూనె! లేన్ల మీద పత్తిగింజల నూనె పోశావా?”

“అరవకే. కింద బట్టల షాపు వాళ్లకి వినపడుద్ది.”

“పోశావా లేదా?”

“పోయడమేంటి? గుడ్డ ముంచి పూశాను. పద్ధతిగానే.”

“పద్ధతిగానా!”

“నేనేం చెయ్యనే? అసలు నూనె బెంగళూరు నుంచి రావాలి. రాలేదు. పొద్దున్నే పోటీ. పేటలో మిల్లుకెళ్లి, హాలు క్యాంటీన్‌కని చెప్పి ఒక డబ్బా తెచ్చాను. నూనె నూనేగా! జారిందా లేదా?”

“థూ! జారింది. జారి జారి రెబ్కా గట్టర్లో పడింది. ఇంక లేన్ మీద మిరపకాయ బజ్జీలు కూడా వెయ్యి, ఆడుకునేవాళ్లు తింటారు.”

“వెటకారం వద్దు. నా తిప్పలు నావి.”

“ఉండు. మరి నా లేన్? నా బాల్ చక్కగా తిరిగింది. నా చేతికి ఏ కంపూ అంటలేదు.”

“ఆ బాల్ వేరు, నీ చెయ్యి వేరు. నీకున్న ఒడుపు—”

“నా ఒడుపు సంగతి తర్వాత. నా లేన్ మీద ఏం నూనె పట్టించావు?”

“డబ్బా అడుగున కాస్త మిగిలింది.”

“ఏ డబ్బా?”

“బెంగళూరు డబ్బా.”

“కాస్తంటే?”

“ఒక లేన్‌కి వచ్చింది.”

“ఎవరికి ఏ లేనో చీటీలు తీసింది నువ్వు.”

“ఎవరో ఒకళ్లు తియ్యాలిగా.”

“నా పేరు చదివింది నువ్వు. చీటీ ఎవరికీ చూపించకుండా జేబులో పెట్టుకుంది నువ్వు. అప్పుడే అనుకున్నాను, ఎందుకు జేబులో పెట్టుకుంటున్నాడా అని. అనుకుని ఊరుకున్నాను.”

“మేనకోడలివే! ఉన్న నాలుగు చుక్కల మంచి నూనె నీకు కాకుండా ఊళ్లోవాళ్లకి పెడతానా? ఇంట్లో కూర తక్కువైతే ముందు మన పిల్లకి వడ్డించమూ?”

“ఇది కూరా?”

“నేను రెబ్కాని ఓడించాలనుకోలేదు, ఒట్టు. మిగతా ముగ్గురికీ ఒకటే నూనె. అందరికీ సమానంగానే పూశాను.”

“నాకు తప్ప.”

“నీకు తప్ప. అయినా, ఆయిల్ మిల్లులో బస్తాలు మోసే జక్రయ్య కూతురు, ఆ రెబ్కాకి బౌలింగేంటే? ఇవాళ కాకపోతే రేపైనా మానేసేదే. విశాఖ వెళ్లి ఏం చేసుద్ది?”

“నోరు ముయ్యి మావయ్యా! పెద్దవాడివని చూస్తున్నాను. ఛీ, నాకు ఒళ్లంతా ఆ నూనే పూసినట్టుంది. గెలిచానని ఆ కప్పు ఇంటికి మోసుకెళ్లాను. అమ్మ దాన్ని టీవీ పక్కన పెట్టి రోజూ చీర కొంగుతో తుడుస్తోంది.”

“తుడవనీ! ఎవరికి తెలుసు? నీకూ నాకూ. ఈ బాల్ సబ్బునీళ్లలో వేస్తే ఆ కంపూ పోద్ది, కథా అయిపోద్ది.”

“నిన్ను వెయ్యాలి సబ్బునీళ్లలో. అసలు ఇంత జిడ్డోడుతున్న బాల్‌ని కడక్కుండా నా చేతిలో ఎలా పెట్టావు?”

“నేను కడిగిద్దామనే అన్నాను. ఆ పిల్లే వద్దంది. సబ్బు తగిలితే పట్టు పోద్దంట. ‘అలాగే ఇవ్వండి సార్’ అంది. నాకు జలుబు, నాకేం తెలుసు?”

“నా కోసమని చెప్పావా దానికి?”

“చెప్పబట్టే ఇచ్చింది. ముందు అమ్మనే అమ్మనంది. భవ్యకి విశాఖలో ఆడటానికి అన్నాను. లోపలికెళ్లి, సంచిలో వేసి తెచ్చిచ్చింది.”

“నా కోసమంటే ఇచ్చింది. అంత మందిలో నేను నవ్వాను, అయినా ఇచ్చింది. నేనైతే నేలకేసి కొట్టేదాన్ని.”

“మంచి పిల్లేలే. మనం కాదన్నామా?”

“విశాఖ నేను వెళ్లను.”

“ఏంటీ?”

“పేరు వెనక్కి తీసుకుంటాను. రెండో స్థానం రెబ్కాది, అది వెళ్తుంది. దాని బాల్‌తోనే.”

“పిచ్చెక్కిందా నీకు? మాల్ ముందు నీ ఫోటోతో ఫ్లెక్స్ కట్టించాను!”

“విప్పెయ్.”

“మీ నాన్నకేం చెప్తావు?”

“పత్తిగింజల నూనె అని చెప్తాను. ఆయనకి వివరంగా చెప్పక్కర్లేదు, గేదెల్ని మేపేవాడేగా.”

“నా హాలు గతేంటే? సంగతి బయటికొస్తే ఇంకో పోటీ ఇస్తారా నాకు? మీ అత్త మొహం చూసన్నా... సరే, అవన్నీ పక్కన పెట్టు. నిజం చెప్పు. నీకు వెళ్లాలని లేదూ?”

“ఉంది.”

“మరి!”

“ఉంది కాబట్టే అసహ్యం. ఇంత విన్నాక కూడా, విశాఖ లేన్ మీద ఈ బాల్ ఎలా తిరుగుతుందో అని చేతులు దురద పెడుతున్నాయి. నీ మీదే కాదు, నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తోంది. ఇంకో గంట ఇక్కడే ఉంటే నువ్వు నన్ను ఒప్పించేస్తావు. ఒప్పుకుంటాను కూడా. కౌంటరు మీదున్న నా ఫోన్ ఇటియ్యి.”

“ఎవరికి?”

“ఎవరికో నీకు తెలుసు.”

“వద్దే భవ్యా. రేపు చేద్దాం. నేనే పేట వెళ్లి ఏదో ఒకటి సర్ది చెప్తాను.”

“నువ్వు సర్దింది చాలు. ఫోన్ ఇటియ్యి మావయ్యా. మొన్న అందరూ వినేలా నవ్వాను, ఇది నువ్వొక్కడివైనా వినాలి. స్పీకర్‌లో పెడుతున్నా.”

“తియ్యదులే. నీ పేరు చూస్తే తియ్యదు.”

“రింగవుతోంది.”

“తియ్యదు చూడు.”

“హలో... రెబ్కా? నేను, భవ్యని. బాల్ అందింది. నీకో మాట చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఆ రోజు ఫైనల్లో నీ లేన్ మీద—”

“వాసన చూశావా?”